చెరువుకట్ట మీద ఇంగ్లీషు

మేడ్చల్‌లో పొద్దున ఎనిమిది కొట్టకముందే హైవే పక్కన నిలబడి చూడండి. అవతల నాగపూర్ దిక్కు పోయే లారీలు, ఇవతల ఒకదాని వెనక ఒకటి పసుపుపచ్చ కాలేజీ బస్సులు. కాలేజీ బస్సు ఫీజు కట్టలేని పిల్లలు షేర్ ఆటోల కోసం చెయ్యి ఊపుతుంటారు. మీరూ ఒక ఆటోలో ఇరుక్కోండి. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక సీట్లో నలుగురు, వాళ్ల ఒళ్లో బ్యాగులు. కండ్లకోయ దాకా సాగే మాటలు వినండి.

“ల్యాబ్ రికార్డు సబ్మిట్ చేసినవా?”

“లేదురా. అటెండెన్స్ షార్టేజ్ ఉన్నది, కండోనేషన్ కట్టాలంటున్నరు. ఇంట్ల ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు.”

మాటలు సగం ఇంగ్లీషువే గానీ, ఇంగ్లీషు వాక్యం మాత్రం ఆటో ఆగేదాకా ఒక్కటీ వినబడదు. ఈ పిల్లలు ఇంగ్లీషు పాఠం విన్నారు, పరీక్ష రాశారు, సినిమాలు చూశారు. ఇంగ్లీషులో తామొకటి అంటే అవతలివాళ్లు ఆగి, విని, ఎదురు చెప్పడం మాత్రం చాలామందికి ఎన్నడూ జరగలేదు.

ఈ దారిన ఒకప్పుడు ఇంగ్లీషే జీవనాధారమైన తెలుగువాడు ఒకాయన పోయాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు బయల్దేరి, హైదరాబాద్ దాటి నాగపూర్ దిక్కు సాగాడు. జడ్జీలు అనేది సాక్షులకు, సాక్షులు అనేది జడ్జీలకు చెప్పడం ఆయన కొలువు. రోజంతా ఎవరో ఒకరు ఆయన నోటి మాట కోసం ఎదురుచూస్తూ ఉండేవాళ్లు. ఆ రోజుల్లో కోర్టుకు వచ్చినవాళ్ల తరఫున దుబాసీ నోరు తెరిస్తే సరిపోయేది. ఇప్పుడు ఈ ఆటోలో ఉన్న ఆరుగురూ ఎవరి ఇంటర్వ్యూలో వాళ్లు నోరు తెరవాల్సిందే.

ఆటో దిగి గేటు దాటండి. ఏ కాలేజీ అన్నది పక్కన పెడదాం. జేఎన్‌టీయూహెచ్ సిలబస్ నడిచే చోట ఏ గేటు దాటినా మొదటి ఏడాది టైంటేబుల్‌లో ‘ఈఎల్‌సీఎస్ ల్యాబ్’ అని ఒక గడి కనిపిస్తుంది. ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ల్యాబ్ అది. సగం కంప్యూటర్లది, సగం మనుషులది.

ముందు కంప్యూటర్ల గదిలోకి రండి. చెప్పులు బయట విప్పాలి. ఏసీ చల్లగా తగులుతుంది. అరవైమంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి తెర ముందు వాళ్లు గొణుగుతున్నారు. మీరూ ఒక హెడ్‌ఫోను అందుకోండి. అందులో గొంతు ‘ఫోటోగ్రాఫ్’ అంటుంది, తర్వాత ‘ఫొటాగ్రఫర్’, తర్వాత ‘ఫోటోగ్రాఫిక్’. ఒకే మాట మూడు రూపాల్లోకి మారితే బరువు మూడు వేర్వేరు చోట్ల పడింది. తెలుగు నోటికి ఈ బరువు పట్టదు, మనం అక్షరాలన్నిటినీ ఇంచుమించు సమానంగా పలుకుతూ పోతాం. ఈ సంగతిని పట్టి చూసినవాళ్లూ మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. 1958లో ఇక్కడ పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషే పేర్లు మారి నేటి ఇఫ్లూ అయింది. అక్కడి ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు అవతలివాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశోధించి 1969లో పుస్తకం అచ్చువేశారు. బరువు తప్పు చోట వేయడమే అర్థం కాకపోవడానికి పెద్ద కారణమని ఆయన తేల్చారు. మన యాసకు సిగ్గుపడేవాళ్లు ఈ మాట వినాలి. చిక్కు యాసతో రాలేదు, బరువు ఎక్కడ వేశామన్న దానితో వచ్చింది.

గంట కొడతారు. పక్క గదికి పదండి. ఇక్కడ కంప్యూటర్లు లేవు, గుండ్రంగా కుర్చీలు. అందరి గుండెలూ జారేది ఇక్కడే. ఇవాళ ‘జామ్’ ఉంది, అంటే జస్ట్ ఎ మినిట్. డబ్బాలోంచి చీటీ తీసి, అందులో ఉన్న విషయం మీద ఒక నిమిషం మాట్లాడాలి.

నర్సాపూర్ పిల్లగాడు లేచాడు. హాస్టల్లో పేర్లకంటే ఊళ్లే ఎక్కువ నడుస్తాయి కనుక మనమూ అలాగే పిలుద్దాం. చీటీలో ‘మై ఏమ్ ఇన్ లైఫ్’ అని ఉంది. మేడమ్ ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కింది.

“గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్. మైసెల్ఫ్…” అని ఊరు చెప్పాడు, బ్రాంచి చెప్పాడు, ఆగిపోయాడు. ఫ్యాను తిరుగుతోంది. వెనక కుర్చీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. వాడి మెడ మీద చెమట మీకు కనిపిస్తుంది.

“టేక్ యువర్ టైమ్, నాన్నా,” అంది మేడమ్. ఆ టైమే వాడిని చంపుతోంది.

తర్వాత ఒకమ్మాయి లేచి, ఊపిరి తీయకుండా, అరవై సెకన్లూ ఒకే జోరుతో అప్పగించేసి కూర్చుంది. మార్కులు పడ్డాయి. ఏం చెప్పిందని పక్కవాణ్ని అడిగి చూడండి, తల గోక్కుంటాడు. నన్నడిగితే ఆ గదిలో ఇద్దరూ మాట్లాడలేదు. ఒకడు మౌనంగా, ఒకతె గట్టిగా.

ఈ ఆట ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే పిల్లలు నమ్మరు. 1967లో బీబీసీ రేడియోలో ఇయన్ మెస్సిటర్ అనే ఆయన మొదలుపెట్టిన నవ్వుల కార్యక్రమం పేరే జస్ట్ ఎ మినిట్. ఒక నిమిషం పాటు తడబడకుండా, అన్నమాట మళ్లీ అనకుండా, విషయం దాటకుండా మాట్లాడాలి. ఏ ఒక్కటి తప్పినా పక్కనున్న పోటీదారు బజరు నొక్కి అడ్డం పడతాడు, నిమిషంలో మిగిలిన సెకన్లు లాక్కుంటాడు. అడ్డం పడటమే ఆ ఆటకు ప్రాణం. కాచుకుని వినే మనిషి ఉంటేనే అడ్డం పడగలడు. మన ల్యాబుల దాకా వచ్చేసరికి నిమిషం మిగిలింది, వినేవాడు రాలిపోయాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పులిహోర తింటూ ఆ పిల్లగాణ్నే అడగండి.

“చదివితే అర్థమైతది సార్. రాయమంటే రాస్త. లేచి నిలబడంగనే అన్ని మాయమైతయి.”

ఇంగ్లీషు మీడియమా అంటే, ఎల్‌కేజీ నుంచీ అంటాడు. పక్కనున్న సిద్దిపేట అమ్మాయి సర్కారు బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆమెదీ ఇదే కథ. ఆమె తమ్ముడిది మళ్లీ వేరే తరం: 2022-23లో తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తమ్ముడు రెండు పేజీలూ చదువుతాడట. బాగుంది. అయితే మీడియం మారినంత మాత్రాన నోరు తిరగదని ఈ క్యాంటీన్ బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్న ఇద్దరే సాక్ష్యం.

మరి నోరు ఎట్లా తిరుగుతుంది? ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన గురించి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎవరూ చెప్పరు, చెప్పాలి. ఆయన మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేస్తూ 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బళ్లలో ఒక ప్రయోగం నడిపించారు. బెంగళూరు ప్రాజెక్టు అని పేరుపడింది. వ్యాకరణం వరసపెట్టి చెప్పడం ఆపేసి, పిల్లలకు ఇంగ్లీషులో పనులిచ్చారు. రైళ్ల టైంటేబుల్ చూసి ఏ బండి ఎక్కితే త్వరగా చేరతామో తేల్చడం, పటం చూసి దారి చెప్పడం, అలాంటివి. పిల్లవాడి బుద్ధి విషయం మీద ఉన్నప్పుడే భాష లోపలికి దిగుతుందన్నది ఆయన నమ్మకం. 1987లో దాని మీద పుస్తకం రాశారు, ప్రపంచమంతా చదివింది. ‘సోషల్ మీడియా మంచిదా చెడ్డదా’ అన్న విషయం మీద ఈ చుట్టుపక్కల ఎన్ని గ్రూప్ డిస్కషన్లు జరిగి ఉంటాయో! ఒక్కడికైనా ఆ సంగతి తేలకపోతే నిద్ర పట్టని పరిస్థితి ఉందా? లేనప్పుడు నోరెందుకు పెగులుతుంది?

ఇవాళ శనివారం. ఈ పిల్లల్లో కొందరు వారంవారం సాయంత్రం ఇంగ్లీషు మాట్లాడటానికి చేరే చోటు ఒకటుంది, శామీర్‌పేట చెరువుకట్ట, అక్కడికి పోదాం. స్కూటీ మీద వెనక కూర్చోండి. ఔటర్ రింగురోడ్డు మీదికి రెండు చక్రాల బండ్లను రానివ్వరు, కనుక పక్కనున్న సర్వీసు రోడ్డే దిక్కు. ఒకప్పుడు ఈ దిక్కంతా ద్రాక్షతోటలకు పేరు. ఇప్పుడు రంగురంగుల కంచె రాళ్లు, ప్లాట్ల హద్దులు, నవ్వే జంటల ఫొటోలతో వెంచరు బోర్డులు. స్కూటీ నడిపే తుర్కపల్లి పిల్లగాడు ఒక బోర్డు చూపించి, “ఇది మా పెదనాయినోళ్ల చేను,” అంటాడు. ఇంకేమీ అనడు. ఆ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

శామీర్‌పేట చెరువు. రాజీవ్ రహదారి మీద కరీంనగర్, సిద్దిపేట బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. మొక్కజొన్న కంకులు కాల్చే పొగ కళ్లలో పడుతోంది. కట్ట మీద ఆరుగురు గుండ్రంగా కూర్చున్నారు, మధ్యలో స్టీలు గ్లాసు, పక్కన గుప్పెడు చింతగింజలు. వాళ్లకు పెద్ద ఒక అక్క. తుర్కపల్లిలో, జీనోమ్ వ్యాలీలోని ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పని. కొవాగ్జిన్ టీకా పుట్టిన వ్యాలీ అది. ఆమె ఎమ్మెస్సీ చదివింది హన్మకొండలో, ఇంగ్లీషు పట్టుబడింది మాత్రం ఉద్యోగంలో. ఎట్లా అని అడగండి, చెబుతుంది.

“మా దగ్గర మాట్లాడేది తక్కువ, రాసేది ఎక్కువ. బ్యాచ్ రికార్డుల నువ్వు ఏం చేసినవో అదే రాయాలె, ఎప్పుడు చేసినవో అప్పుడే రాయాలె. తప్పు పోతే వైట్‌నర్ ముట్టొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైంది రాసి, సంతకం, తేదీ. కింద ఉన్న తప్పు కూడ అందరికి కనవడాలె. మొదట్ల నా పేజీలన్ని గీతలే. ఎవ్వరు నవ్వలే. అది ఆడ మామూలు ముచ్చట.”

“మరి ఆడిటర్లు వస్తే, అక్కా?”

“అప్పుడు మాట్లాడాలె. అడిగినదానికే జవాబియ్యాలె. తెలిస్తే తెలుసనాలె, తెలవకుంటే డాక్యుమెంటు చూసి చెప్తననాలె. నడుమ కథలు చెప్పొద్దు. నాకు ఇంగ్లీషు నేర్పింది గా కుర్సీల కూసున్న ఆడిటరే. ఆయన ముందట నా గ్రామర్ ఎవనికి గావాలె? బ్యాచ్ ఎందుకు ఫెయిలైందో గది గావాలె.”

ఈ కట్ట మీది నియమాలన్నీ ఆ ఉద్యోగంలోంచి వచ్చినవే. మాట్లాడుతుంటే ఎవరూ తప్పు దిద్దరు. అక్క ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది, చివర్లో మనిషికి మూడంటే మూడు తప్పులు చెబుతుంది. నాలుగోది ఉన్నా వచ్చేవారానికే. ఇంకొక నియమం కాస్త కఠినమైనది: ఎదుటివాడు అన్నది నీ నోటితో తిరిగి చెప్పి, ‘అవును, నేనన్నది అదే’ అని వాడు ఒప్పుకున్నాకే వాడికి ఎదురు చెప్పాలి. ఇది తెలియకే కంపెనీల గ్రూప్ డిస్కషన్లలో పదిమందీ ఒకేసారి అరుస్తారు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న నల్సార్‌లో లా పిల్లలకు మూట్ కోర్టుల్లో ఇంకా గట్టి దెబ్బ తగులుతుంది. జడ్జి స్థానంలో కూర్చున్నవాళ్లు వాదన నడుమ ఆపేసి ప్రశ్న వేస్తారు, బట్టీ పట్టిందంతా అక్కడే చెదిరిపోతుంది. అక్కడి పిల్లల ఇంగ్లీషు చూసి మనవాళ్లు జంకుతారుగానీ, జంకాల్సింది వాళ్ల ఉచ్చారణ చూసి కాదు. ప్రశ్న పడ్డాక ఆలోచించి జవాబిచ్చే ఆ అలవాటు చూసి జంకితే ఏమైనా లాభం.

ఇక చింతగింజల సంగతి. మాట దొరకక ‘ఆఁ… ఊఁ… యాక్చువల్‌గా…’ అన్నప్పుడల్లా పక్కవాళ్లు ఒక గింజ గ్లాసులో వేస్తారు. 1924లో అమెరికాలో పుట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఇలా లెక్కపెట్టడానికే ఒక మనిషిని కూర్చోబెడతారు. ఇక్కడ ఆ పని చింతగింజలది. టింగుమని చప్పుడైతే చాలు, మాట్లాడేవాడికి తెలిసిపోతుంది.

అక్క ఇవాళ చీటీ తీయనివ్వలేదు. స్కూటీ పిల్లగాడి మొహం చూసి, “ఊళ్ల భూమి అమ్మాల్నా, వద్దా? ఇంగ్లీషుల. కానియ్యుండ్రి,” అంది.

మొదట పది సెకన్లు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత సిద్దిపేట అమ్మాయి మొదలుపెట్టింది. భూమి అమ్మితే డబ్బు రెండేళ్లలో కరుగుతుంది, కారు వస్తుంది, ఫంక్షన్ అవుతుంది, ఆ తర్వాత అదే ఊళ్లో అదే వెంచరుకు వాచ్‌మెన్‌గా పోవాల్సి వస్తుంది అంది. నాలుగు గింజలు పడ్డాయి. క్రియలు కొన్ని కాలం తప్పాయి. అర్థం కాని మాట ఒక్కటీ లేదు.

నర్సాపూర్ పిల్లగాడు, పొద్దున మాట రాక ఆగిపోయినవాడే, ముందుకు వంగాడు. నియమం ప్రకారం ఆమె అన్నది తిరిగి చెప్పాలి. చెప్పాడు. ‘వాచ్‌మన్’ దగ్గర ఆగి, మింగి, చెప్పాడు. ఆమె తల ఊపింది. అప్పుడన్నాడు:

“మై ఫాదర్ సోల్డ్. వన్ ఏకర్. ఐ యామ్ సిట్టింగ్ హియర్ బికాజ్ హీ సోల్డ్.”

గ్లాసు పట్టుకున్నవాడి చెయ్యి ఆగిపోయింది.

“దట్ ఈజ్ నాట్ ఆన్సర్,” అంది అమ్మాయి. గొంతు తగ్గించలేదు. “యువర్ సిస్టర్? ఫర్ హర్ హౌ మెనీ ఏకర్స్?”

చెల్లె ఇంటర్ చదువుతోంది, ఆమెకు ఏం మిగిలిందని అడుగుతోంది. వాడు వెంటనే బదులిచ్చాడు, తప్పుల తడకగా, వేగంగా. తండ్రికి మోకాళ్ల నొప్పులు, బోరు ఎండిపోయింది, కూలీలు దొరకరు, అప్పు మీద వడ్డీ. స్కూటీ పిల్లగాడు నడుమ దూరాడు: అమ్మకపోయినా చుట్టూ అమ్ముకున్నవాళ్లు గోడలు కట్టి బాట మూసేస్తే ట్రాక్టరు ఎటు పోతుంది? పెదనాయిన అమ్మింది డబ్బుకు కాదు, దారి లేక. ఈ మాట వాడు తెలుగులో ఎవరితోనూ అని ఉండడు. ఇంగ్లీషులో అనడం సులువైంది కాబోలు. ఇంటి గుట్టు పరాయి భాషలో చెప్పుకుంటే కొంచెం దూరం జరిగినట్టు ఉంటుంది, కొందరి నోరు అందుకే తెరుచుకుంటుందని నా అనుమానం.

చూడండి, పొద్దున నిమిషం గడవక చెమటలు కక్కినవాడు ఇప్పుడు ఎంతసేపటి నుంచి మాట్లాడుతున్నాడో ఎవరూ చూసుకోలేదు. మిగిలిన గింజలన్నీ బయటే ఉన్నాయి. అక్క నోటుబుక్కులో మాత్రం పేజీ నిండింది.

ఆ తర్వాత దిద్దుబాటు చప్పున అయిపోయింది. నర్సాపూర్ పిల్లగాడికి: ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టడం మానెయ్, ‘ఐ యామ్’ చాలు, ‘డెవలప్’లో బరువు నడుమ ‘వె’ మీద వెయ్, ఒక వాక్యం అయ్యాక ఊపిరి తీసుకో. సిద్దిపేట అమ్మాయికి: ‘ఆన్సర్’ ముందు ‘యాన్’ మర్చిపోయినవ్, ‘హీ డోంట్’ కాదు ‘హీ డజంట్’, మూడోది, కోపమొచ్చినప్పుడు నీ ఇంగ్లీషు బాగున్నది, అట్లనే ఉంచు.

“కోపం రోజు ఏడ తేవాలె అక్కా?” అందామె, నవ్వులు.

వచ్చేవారం దాకా ఏం చేయాలంటే, ఇవాళ ఓడిపోయిన వాదన ఇంటికి పోయి పది వాక్యాల్లో రాసి ఫోన్లో అందరికీ పంపాలి. అవతలి పక్షం రాతలోనే బదులివ్వాలి. రాసేటప్పుడు తొందరుండదు, మాట వెతుక్కోవడానికి పూటంతా ఉంటుంది. వెతుక్కున్న మాటే తర్వాత ఎప్పుడో కట్ట మీద నోట్లోకి వస్తుంది. అక్క ఇది ఎక్కడా చదివి చెప్పలేదు. బ్యాచ్ ఎందుకు ఫెయిలైందో రాసీ రాసీ, ఆడిటరు ముందు అదే చెప్పగలిగింది కనుక చెబుతోంది.

చీకటి పడుతోంది. స్కూటీలు మేడ్చల్ దిక్కు తిరిగాయి. సిద్దిపేట అమ్మాయి అల్వాల్‌లో చిన్నమ్మ ఇంటికి, అక్క తూంకుంటలో గదికి. వాళ్లతో మీరూ జేబీఎస్ పోయే బస్సెక్కండి. నిలబడ్డానికే చోటు. ఇద్దరూ కమ్మీ పట్టుకుని అదే పోట్లాట, ఇంగ్లీషులోనే, చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూస్తున్నా ఆపకుండా. అల్లం బస్తా మీద కూర్చున్న ముసలాయన ఏమిటా లొల్లి అని అడిగాడు. కండక్టరు అప్పటికే విన్నాడు.

“భూమి ముచ్చట కదా! అమ్మినోడు ఏడుస్తుండు, అమ్మనోడు ఏడుస్తుండు. నేను మా ఊళ్ల రెండు తీర్లవాళ్లను చూసిన.”

సిద్దిపేట అమ్మాయి అక్క వైపు తిరిగింది. నియమం నియమమే, ఆయనన్నది ముందు ఇంగ్లీషులో తిరిగి చెప్పాలి. “హూ సోల్డ్, దే ఆర్ క్రయింగ్…” అని మొదలుపెట్టి, రెండో సగానికి మాట వెతుకుతూ కమ్మీ మీద వేళ్లు ఆడించింది. అక్క అందివ్వలేదు, చూస్తూ ఊరుకుంది. ముసలాయన కూడా ఆమె నోటి వైపే చూస్తున్నాడు.

“చెప్తువు గని తీయమ్మా,” అన్నాడు కండక్టరు, మిషను ముందుకు చాపుతూ. “ముందుగాల ఆధార్ కార్డు సూపియ్యి, జీరో టికెట్ కొట్టాలె.”